గుమ్మం వైపు గుర్రాలు

పలాసలో బొమ్మంటే కామేశే వెయ్యాలనేవారు. బారువ సముద్రపు ఒడ్డున పడవల మీద పేర్లు, జీడిపప్పు కొట్ల బోర్డులు, కొత్త ఇళ్లలో అదృష్టానికి వేయించుకునే ఏడు గుర్రాలు, అన్నీ అతని చేతివే. పెళ్లాం భార్గవికి కుంచె పట్టడం నేర్పిందీ అతనే. అలాంటిది జీడిపప్పు వ్యాపారి ధనరాజు, కొత్త ఇంటి హాలు గోడ మీద బొమ్మ వేసే పని భార్గవికి అప్పగించాడు! కామేశ్‌కి కడుపు మండిపోయింది.

ఎప్పుడో ఫ్రాన్సులో ఎవరో వేసిన యుద్ధం బొమ్మ అది. ధనరాజు ఫోన్లో చూసి మనసు పారేసుకున్నాడు. పొగను చీల్చుకుంటూ దూకుతున్న గుర్రపు దళం.

భార్గవి ముందు బొగ్గుతో గీసి, మొగుణ్ణి పిలిచింది.

"ఒకపాలి సూడు బావా. తప్పుంటే ఇప్పుడే సెప్పు, తుడిసేసి మల్లీ గీత్తాను."

తప్పు కామేశ్‌కి చూడగానే తెలిసింది. ఇంట్లో గుర్రాల బొమ్మ ఉంటే అవి లోపలికి పరుగెత్తాలి. బయటికి పరుగెడితే సిరి కూడా వెంట పోతుందని ఇక్కడి పెద్దవాళ్లకు భయం. ఈ గుర్రాలేమో తిన్నగా వీధి గుమ్మం వైపే పోతున్నాయి. ఫోన్లో ఎలా ఉంటే అలాగే దించేసింది పిచ్చిది.

"బాగుంది," అన్నాడు కామేశ్. ఆ మాట అనగానే అతనికి ప్రాణం చల్లబడింది.

రంగులు పడ్డాక ఆ చల్లదనం కాస్తా పోయింది. దళంలో కింద పడిన ఒక గుర్రం కళ్లలో చావు భయం కనిపించింది. ఎన్ని ఇళ్లలో వేసినా, కామేశ్ గుర్రాలకి అలాంటి కళ్లు ఒక్కనాడూ రాలేదు. అతనికి అన్నం సయించడం మానేసింది.

గృహప్రవేశం నాడు జనమంతా ఆ గోడ ముందే ఉన్నారు. ధనరాజు తల్లి నీలమ్మ వచ్చి చూసి గుండె బాదుకుంది.

"ఓలమ్మో! గుర్రాలన్నీ బయటికెలిపోతన్నాయేటిరా! కొత్తింట్లో లచ్చిమి నిలస్తాదేటి? సున్నం కొట్టించీయండి!"

ధనరాజు ముఖం మాడిపోయింది. వెనక నిలబడ్డ కామేశ్ నవ్వు ఆపుకుంటున్నాడు. భార్గవి మాత్రం బెదరలేదు.

"మామ్మగారూ, తప్పుంటే మా బావ ఊరుకుంటాడేటండి? నా గీత ఒక్కటి వంకరున్నా ఒప్పుకోడు. రంగెయ్యకముందే సూపించాను, బాగుందన్నాడు. మీరే అడగండి. సెప్పు బావా!"

అందరూ కామేశ్ వైపు తిరిగారు. పెదాల మీది నవ్వు దాచుకోబోయి అతను తల దించుకున్నాడు.

భార్గవి కాసేపు అతని ముఖంలోకి చూసింది. తర్వాత గోడ మీది గుర్రాల వైపు తిరిగింది. మళ్లీ అడగలేదు.