తోక తెగిన ఫైలు

నేను ఒక టెక్స్ట్ ఫైలును. అందం లేదు, చందం లేదు. కామాలు, అంకెలు, పేర్లు, అంతే! అయితేనేం, నా ఒంట్లో ఒక మెట్ట జిల్లా మొత్తం ఉంది, మనిషికొక వరుస చొప్పున. తాగే నీళ్లెక్కడివి, పళ్లు గార పట్టాయా, మోకాళ్లు వంగుతున్నాయా అని ఇంటింటా అడిగి నన్ను పుట్టించారు. సర్వేవాళ్లు ముందు రోడ్డు పక్క ఊళ్లు చుట్టేస్తారు, ఆటో కూడా పోని ఊళ్లు చిట్టచివర. అలా బండమీదిపల్లె నా తోకలో పడింది.

ఎన్నో పెన్‌డ్రైవుల్లో నలిగి యూనివర్సిటీలో పనిచేసే రెహానా చేతికొచ్చాను. ఫ్లోరైడు పీడ ఎక్కువున్న ఊళ్లేవో తేల్చి సాయంత్రానికల్లా ప్రభుత్వానికి పంపాలి. వాటర్ ప్లాంట్లు ఆ ఊళ్లకే. నన్ను గణాంకాల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించబోతే మెమరీ చాలక కంప్యూటర్ బిగుసుకుపోయింది.

"ఎందుకమ్మా ఆ కుస్తీ? స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి, అక్కణ్ణించి ఎక్కించు. నేనెప్పుడూ అంతే," అన్నారు ప్రొఫెసర్ కోదండపాణి గారు.

తెరిచింది. ఎంత చక్కగా తెరుచుకున్నానో! కానీ అందులో పది లక్షల పైచిలుకు వరుసలే పడతాయి, మిగతాది కోసేస్తుంది. హెచ్చరిక వచ్చింది. ఈ మనుషులకదేం జబ్బో, హెచ్చరిక కనబడితే చదవకుండా 'ఓకే' నొక్కుతారు! రెహానా కూడా నొక్కేసింది, నా తోక తెగిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. అరుద్దామంటే నోరేదీ?

ఫలితాలు వచ్చాక రెహానా ఆగిపోయింది.

"సార్, బండమీదిపల్లె లేదేంటి? నేను పోయినప్పుడు అక్కడ నడుం నిలబెట్టి నడిచేవాళ్లే కనబళ్లేదు."

"తక్కువుందేమోలే. టైమైపోతోంది, పంపించెయ్."

"తక్కువ కాదు సార్. ఈ షీట్‌లో ఆ ఊరి మనిషి ఒక్కరూ లేరు."

ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. పాపం, ఎన్నేళ్లుగా అలా చేస్తున్నారో!

మళ్లీ మొదలు. ముక్కలుగా చదివించాలా, పెద్ద కంప్యూటర్ అడగాలా అని కాలుగాలిన పిల్లిలా తిరిగింది. చివరికి అక్కరకొచ్చే నిలువు వరుసలు మాత్రమే చదవమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పింది: ఊరు, నీళ్లు, పళ్లు, ఎముకలు. హమ్మయ్య, తోకతో సహా లోపలికి పోయాను! బండమీదిపల్లె అన్నిటికంటే పైన నిలిచింది.

రెహానా ఆ ఊరి ఆశా కార్యకర్త ఓబులమ్మకు ఫోన్ చేసింది. "మీ ఊరి పేరు పంపించామక్కా, అన్నిటికంటే పైన."

"సల్లగుండు తల్లీ. నీళ్లెప్పుడొస్తయ్ మరి? మా పాపకి పాలపళ్లు ఊడి కొత్తయ్యి వస్తన్నయ్. అయ్యన్నా తెల్లగా రావాలని."

నేనిప్పుడు ఒక పాత హార్డ్‌డిస్కులో పడి ఉన్నాను. ఆ పాప పళ్లు ఎలా వచ్చాయో నాకెవరూ చెప్పలేదు.