నళిని ద్వీపానికి రాధారాణి వెళ్ళొచ్చింది

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక రాధారాణి ఇంట్లో కిటికీలకి దుప్పట్లు కట్టారు. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది, లోపల చీకటి. క్యారీ అనే ఆ అమెరికా ఊరు మొత్తానికి ఉన్న నాలుగిళ్ళ తెలుగువాళ్ళూ కార్పెట్ మీద బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. ఆ రోజుల్లో అక్కడ అదొక ఆచారం. ఎవరైనా ఎక్కడికైనా వెళ్ళొస్తే, అందరినీ పిలిచి పులిహోర పెట్టి, ప్రొజెక్టర్ ముందు కూర్చోబెట్టి గోడ మీద స్లైడ్లు చూపించాలి. పులిహోర తిన్న పాపానికి చూసి తీరాలి. నళిని నయాగరాని ఒక్కసారే వెళ్ళి చూసింది గానీ, ఇలా జనం ఇళ్ళల్లో గోడల మీద ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు.

ఈరోజు నయాగరా కాదు. గ్రీసు. గ్రీసులో నాక్సోస్ అనే ద్వీపం.

ఆ ద్వీపం నళినిది. ఎవరూ రాసివ్వలేదనుకోండి, అయినా ఆమెదే. రెండేళ్ళ నుంచీ లైబ్రరీ పుస్తకాలు తిరగేసి దాన్ని వెతికి పట్టుకుంది ఆమే కదా! ఇండియా టిక్కెట్టు మీదే ఏథెన్స్‌లో దిగి నాలుగు రోజులు ఉండొచ్చని, దానికి వేరే డబ్బు కట్టక్కర్లేదని, పడవలో గది తీసుకోకుండా డెక్ మీద పడుకుంటే కారుచవకని, రేవులో దిగగానే ఇళ్ళవాళ్ళే ఎదురొచ్చి గదులిస్తారని, ఒక్కొక్కటే కనిపెట్టి, అన్నం వడ్డించేటప్పుడు మొగుడి చెవిన వేసింది. దామోదర్ "చూద్దాంలే" అన్నాడు. కిందటిసారి ఇండియా వెళ్ళినప్పుడూ చూద్దాంలే అని, తిన్నగా బొంబాయిలో దింపాడు. ఈ డిసెంబరులో మళ్ళీ ప్రయాణం. టిక్కెట్లు ఎటు మీదుగానో రేపు సోమవారం ఏజెంటుకి చెప్పెయ్యాలి. ఈసారి కూడా చూద్దాంలే అన్నాడంటే ఇక ఆ ద్వీపం ఈ జన్మకి లేనట్టేనని నళినికి తెలుసు.

ఇంతలో ఈ రాధారాణి వెళ్ళి చూసొచ్చి కూర్చుంది. అసూయ అని మర్యాదగా ఎందుకు చెప్పుకోవడం, కుళ్ళు. పొద్దున్న లేచినప్పటి నుంచీ నళిని కడుపు భగభగ మండిపోతోంది.

"ఇదిగో, ఇది రేవు!" అంది రాధారాణి. టక్కుమని స్లైడు పడింది. గోడంతా నీలం. "పడవ దిగామో లేదో, ఆడవాళ్ళు మీద పడిపోయారండీ, రూమ్స్, రూమ్స్ అని. అచ్చం తిరుపతి బస్టాండే! మావారేమో అందరికీ దణ్ణాలు పెడుతున్నారు!"

అందరూ నవ్వారు. నళిని కూడా నవ్వింది, పళ్ళు కనిపించేటంత వరకే. ఆ రేవు ఆమెకి కొత్తా? కుడివైపు చిన్న కొండ మీద పాత రాతి ద్వారం ఉండాలి. తరవాతి స్లైడులో ఉంది కూడా. దాని కింద రాధారాణి నిలబడి ఉంది, చీర కొంగు గాలికి ఎగురుతోంది. ఆ కొంగు పట్టుకుని ఒక్క లాగు లాగాలనిపించింది నళినికి.

"కుక్కర్ సంగతి చెప్పు," అన్నాడు ప్రొజెక్టర్ దగ్గరున్న ఆవిడ మొగుడు రాజగోపాల్.

"అయ్యో, అది అడగకండి! హోటల్ ఖర్చు దండగని ఇక్కడి రైస్ కుక్కర్ పట్టుకెళ్ళాం. మా ఇంజనీరుగారు అడాప్టర్ కొన్నారు, ఇంకేం పర్లేదన్నారు. అక్కడ కరెంటు మన ఇండియాలోలా 220 వోల్టులు కదా, ఈ అమెరికా కుక్కరేమో 110ది. స్విచ్ వెయ్యగానే ఢాం! పొగ! ఇల్లంతా చీకటి! ఎలక్ట్రికల్ ఇంజనీరండీ ఈయన, యూనివర్సిటీ ఫస్టు!"

జనం విరగబడి నవ్వారు. రాజగోపాల్ అందరికంటే ఎక్కువ నవ్వాడు.

"ఇంటావిడ పరుగెత్తుకొచ్చింది. చంపేస్తుందనుకున్నా. గిన్నెలో బియ్యం చూసి, నా చెయ్యి పట్టుకుని తన వంటింట్లోకి తీసుకుపోయింది. పెరట్లో నిమ్మకాయలు కోసిచ్చింది. నేను పులిహోర కలిపి పెడితే తిని, ఇంకా పెట్టమందండీ!"

చూశారా, రాధారాణి అదృష్టం! కుక్కర్ పేలినా కలిసొచ్చింది. అదే నళిని వెళ్తే ట్రాన్స్‌ఫార్మర్ పట్టుకెళ్ళేది, ఏదీ పేలేది కాదు, ఏ ఇంటావిడా చెయ్యి పట్టుకునేది కాదు. ఆ ఆలోచన రాగానే ఆమెకి ఇంకా ఒళ్ళు మండింది.

సగం స్లైడ్లు అయ్యాక టీ కోసం ఆపారు. నళిని సాయం చేసే వంకన వంటింట్లోకి వెళ్ళింది. ఇంత బాగా ఎవరు చెప్పారని అడిగి, ఆవిడ తడబడుతుంటే చూడాలని ఉంది. ఏదో ఒక పార్టీలో తన మాటలు విని, రాధారాణి ఆ ఆలోచన కొట్టేసిందని నళిని నమ్మకం.

"ఇంత ప్లాన్ ఎవరిచ్చారు మీకు?" అంది, కప్పులు తుడుస్తూ.

రాధారాణి తడబడలేదు సరికదా, మొహం వెలిగిపోయింది. "ఇంకెవరు, దామోదర్ అన్నయ్యగారే! ఆఫీసులో లంచ్‌కి కూర్చున్నప్పుడు మావారికి అన్నీ చెప్పారట, పడవలు, గదులు, అన్నీ. మీకు చెప్పలేదా? మావారు అడిగారట, మరి మీరెందుకు వెళ్ళలేదని. మా నళినికి ఇలాంటివి ఇష్టం ఉండవోయ్, డెక్ మీద పడుకోవడం అవీ ఆవిడ వల్ల కాదు, మీరు వెళ్ళిరండి అన్నారట. నిజంగా నళిని గారూ, ఆయన పుణ్యమా అని వెళ్ళొచ్చాం."

దొంగ అనుకున్న మనిషి ఎదురుగా నిలబడి థాంక్స్ చెబుతోంది. తన సొమ్ము ఎత్తి పంచిపెట్టిన దాత ముందుగదిలో బూందీ తింటున్నాడు.

"అవును, ఇష్టం ఉండదు," అంది.

మళ్ళీ కిటికీలకి దుప్పట్లు కప్పారు, మళ్ళీ స్లైడ్లు మొదలయ్యాయి. గాడిద పక్కన రాధారాణి. తెల్లగోడకి ఆనుకుని రాధారాణి. బీచ్‌లో చీర మోకాళ్ళ దాకా పట్టుకుని రాధారాణి.

"ఏమోయ్ రాజగోపాల్, నువ్వసలు వెళ్ళావా లేదా? ఒక్కదాంట్లోనూ లేవేం?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"కెమెరా వెనకాల ఉన్నానోయ్! ఈవిడ నిలబెట్టినచోటల్లా తియ్యడమే నా ఉద్యోగం," అన్నాడు రాజగోపాల్.

అప్పుడు చూసింది నళిని, ఇంతసేపూ చూడనిది. ప్రతి బొమ్మలోనూ రాధారాణి ఒకే వైపు చూసి నవ్వుతోంది. సముద్రాన్ని చూసి కాదు, కెమెరా వెనకున్న మనిషిని చూసి. నళిని ఇంట్లోనూ డబ్బాలకొద్దీ స్లైడ్లున్నాయి. కొండలు, జలపాతాలు, వంతెనలు. "కొంచెం పక్కకి జరుగు, వ్యూ అడ్డొస్తోంది," అనేవాడు దామోదర్ ఎక్కడికి వెళ్ళినా. ఆమె జరిగేది. పెళ్ళయినప్పటి నుంచీ జరుగుతూనే ఉంది. కడుపులో మంట చప్పున ఆరిపోయి, ఆ చోట బరువుగా ఏడుపు వచ్చి కూర్చుంది. తను కుళ్ళుకుంటున్నది ఆ నీలం నీళ్ళకి కాదని తెలిశాక, ఇక ఆ నీళ్ళవైపు చూడలేకపోయింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు ఇంకా వెలుతురుంది. దామోదర్ హుషారుగా డ్రైవ్ చేస్తున్నాడు.

"చవకే సుమా! అంత చవకని నేననుకోలేదు. సరే, మనమూ ఈసారి అలా బుక్ చేసేద్దాం. రేపు ఏజెంటుకి ఫోన్ చేస్తాను. ఏమంటావ్?"

ఎన్నాళ్ళుగా ఈ మాట కోసం చెవులప్పగించి కూర్చుందో! నళిని కిటికీలోంచి పైన్ చెట్లని చూస్తూనే అంది:

"నాకు ఇష్టం ఉండదని చెప్పారట కదా."

దామోదర్ గతుక్కుమన్నాడు. "అదేదో మాటవరసకి అన్నానే. నాకు కుదరదని వాడితో చెప్పలేక..."

"ఏజెంటుకి నేను ఫోన్ చేస్తాను. మీరు తిన్నగా వెళ్ళిపోండి. ఏథెన్స్‌లో దిగేది నేనొక్కదాన్నే."

"ఒక్కదానివే? పిచ్చా ఏంటి? ఒక్కదానివే ఏం చేస్తావక్కడ?"

"ఫొటోలు తీయించుకుంటాను."

"ఎవరు తీస్తారే నీకు?"

"ఎవరో ఒకరు. దారినపోయేవాణ్ణి ఎవణ్ణయినా అడుగుతాను," అంది నళిని. "నన్ను చూసి తియ్యమంటాను. పక్కకి మాత్రం జరగను."

దామోదర్ కారు స్లో చేసి, తల తిప్పి, ఆమె మొహం వైపు చూశాడు. చాలాసేపే చూశాడు. వెనక కారువాడు హారన్ కొట్టాడు.

"ముందు చూసి నడపండి," అంది నళిని.