లెక్కకు మించినవాడు

అలలపై పలకలెక్కి సర్ఫింగ్ చేసేవారికి ఆ తీరంలో మూడు తావులు. నదీముఖంలో నీరు బురద. సొరచేప పక్కకు వచ్చినా కనబడదు. రాళ్లబారు దగ్గర లోతు ఎక్కువ. సొరల రాకపోకలు అక్కడ నిత్యం. కొండ చాటున ఉన్న వంపుతీరం ఒక్కటే నిరపాయమని అందరి నమ్మకం.

కొండపై కావలిగదిలో కూర్చుని, నీటిలోని తలలను లెక్కించడం ఆమె ఉద్యోగం. దిగినవారికంటే ఒకరు ఎక్కువ కనబడితే అది మనిషి కాకపోవచ్చు. వెంటనే ఈల ఊదాలి.

నదీముఖంలో అన్నను సొర పొట్టన పెట్టుకున్ననాటి నుండి ఆమె లెక్కలో ఎప్పుడూ ఒకరు ఎక్కువే. ఎవరూ దిగని ఆ బురదనీటిలో, సముద్రంవైపు తిరిగి పలకపై కూర్చున్న ఒక రూపం. మొదట్లో అన్నయ్య ఉన్నాడంటూ ఈల ఊది నగుబాటు పాలైంది. మరొక్కసారి ఊదితే ఇంటిదారి చూసుకోవాలన్నాడు పైఅధికారి. ఆపైన ఒకరిని తీసివేసి లెక్క చెప్పడం అలవాటు చేసుకుంది. ఆ తీసివేత భగవంతునికి తప్ప ఎవరికీ తెలియదు.

వాన వెలసిన ఒక ఉదయం తమ్ముడు మిత్రులతో వంపుతీరంలో దిగాడు. లెక్కలో ఒకరు ఎక్కువ. తీసివేయబోతూ ఆమె నదీముఖంవైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. ఆ రూపం కొండ దాటి వచ్చి, తమ్ముడి పక్కన కూర్చుని ఉంది.

ఆమె ఈల ఊదుతూ కిందికి పరుగెత్తింది.

అందరూ ఒడ్డుకు చేరారు. నీటిలో ఎక్కడా సొర రెక్క కనబడలేదు. మిత్రులు మూతులు తిప్పుకున్నారు. తమ్ముడి ముఖం కందగడ్డ అయింది.

"మళ్ళీ అన్నయ్యేనా, అక్కా? నా పరువు తీయడానికి పోయినవాణ్ణి కూడా తోడు తెచ్చుకున్నావా?"

"నా ఉద్యోగం పోతే పోనీ. నువ్వు మాత్రం దిగకురా."

అక్క పిచ్చి వదిలిస్తానంటూ అతడు ఒంటరిగా మళ్ళీ దిగాడు. అప్పుడు కనబడింది ఆమెకు: నది వదిలిన వరదనీరు కొండ చుట్టి వచ్చి, అతడివైపు గోధుమరంగు చారలా పాకుతోంది. ఆమె ఊపిరి అందనంతగా ఈల ఊదింది. అతడు నవ్వి చేయి ఊపాడు.

ఉన్నట్టుండి రెండు కాళ్లూ పైకి లాక్కున్నాడు. పలక ఒక్కసారి ఎగిరిపడింది. వెనుకనే వచ్చిన అల అతడిని ఇసుకమీద పడవేసింది.

సొర ఒరిపిడికి పలక అడుగంతా ఆకురాయితో రాచినట్లు చెక్కుకుపోయి ఉంది. అతడు ఆ గీతలపై వేలు పెట్టి చూశాడు.

"నువ్వే పిలిచావనుకున్నానక్కా. కాదు, నా పక్కనుంచే. 'కాళ్లు పైకి తియ్యరా, బుడ్డోడా' అని."

అతడిని అలా పిలిచినవాడు ఆ ఇంట్లో ఒక్కడే. ఆమె తమ్ముడి పాదాలు రెండింటినీ ఒడిలోకి తీసుకుని, మళ్ళీ మళ్ళీ తడిమి చూస్తూ కూర్చుంది.