మూలబల్ల మీది సీపీయూ

దసరా సెలవుల తర్వాత కాలేజీ తెరిచిన రోజు దేవదాస్ కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. సిరిసిల్లలో వాళ్ల బాపు సాంచె మగ్గం మీద నేసిన బట్ట అది. మధ్యాహ్నానికల్లా దాని మీద తన నెత్తురే పడుతుందని తెలిస్తే ఆ చొక్కాను పెట్టెలోనే ఉంచేవాడు.

ఖానాపూర్‌లోని ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో దేవదాస్ కంప్యూటర్ లెక్చరర్. ల్యాబు అని బోర్డయితే ఉంది గానీ, లోపల ఉన్నవన్నీ ముసలి కంప్యూటర్లు. వేడికి ఆగవని సీపీయూలకు పక్కరేకులు కూడా ఊడబీకేశారు. అన్నింట్లోనూ దొంగ కాపీ విండోస్, దాని నిండా వైరస్‌లు. పిల్లలు ఈ రోజు రాసుకున్న ప్రోగ్రాం రేపటికి ఉంటే అదృష్టం. లినక్స్ ఎక్కిద్దాం, అది ఉచితం, దొంగతనం చేయక్కర్లేదు, లోపల ఏముందో పిల్లలు విప్పి చూసుకోవచ్చు అని దేవదాస్ ఏడాది పొడుగునా కరస్పాండెంట్ బాలకిషన్‌రావు చెవిలో ఇల్లు కట్టుకుని పోరు పెట్టాడు. ఉచితం అన్న మాట దగ్గర ఆ పెద్దమనిషి చెవులు నిక్కబొడుచుకున్నాయి. మిగతాదంతా ఆయనకు అనవసరం.

సెలవులకు ముందే దేవదాస్ పిల్లలతో కలిసి అన్నింట్లోనూ లినక్స్ ఎక్కించాడు, ఒక్కదాంట్లో తప్ప. మూలబల్ల మీద ఉన్న ఆ ఒక్కటి బాలకిషన్‌రావు కొడుకు సంతోష్‌రావు వాడుకునేది.

సంతోష్‌రావు భార్య రచన నిరుడు ఇచ్చోడ దగ్గర హైవే మీద ప్రమాదంలో పోయింది. కారుతోపాటు ఆమె ఫోను కూడా నుజ్జయింది. కొడుక్కి రెండో సంబంధం చూడాలని తొందరపడ్డ బాలకిషన్‌రావు ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటి మిగల్చలేదు. పెళ్లిరోజు వీడియో చేయిద్దామని సంతోష్‌రావు ఎప్పుడో ఆ కంప్యూటర్లో వేసుకున్న వీడియోలే మిగిలాయి. సాయంత్రాలు వచ్చి, తలుపు దగ్గరికి వేసుకుని, ఆమె మాటలు వింటూ కూర్చునేవాడు. మనిషి మొరటు, నోరు తెరిస్తే తిట్టే. అయినా ఆ తలుపు అవతల నిలబడ్డప్పుడు దేవదాస్‌కు అతని మీద జాలి కలిగేది.

"పెన్‌డ్రైవ్‌ల ఎక్కించి ఇస్త సార్. ఇంకో కాపీ ఉంటే మంచిది" అన్నాడొకసారి.

"నీ చెయ్యి దాని మీద పడొద్దు. ఎవ్వని చెయ్యీ పడొద్దు. సమజైందా?"

"నాది జిమ్మెదారి సార్. ఫికర్ చెయ్యకుండ్రి."

మాటయితే ఇచ్చాడు. ముట్టుకోవద్దని కాగితం రాసి అంటించాడు కూడా. అంటించింది బల్లకు. ల్యాబులో నంబర్లన్నీ బల్లల మీదే ఉంటాయి, అలవాటుగా చెయ్యి అటే పోయింది.

సెలవులిచ్చే రోజున ఆయుధపూజ చేశారు. సీపీయూలన్నింటినీ వరండాలోకి మోసుకొచ్చి, దుమ్ము తుడిచి, అమ్మవారి పటం ముందు పేర్చి పసుపు కుంకుమలు పెట్టారు. కొబ్బరికాయ కొట్టగానే దేవదాస్ సిరిసిల్ల బస్సెక్కాడు. పూజలో పెట్టిన పనిముట్టును ఆ రోజు కదపరు గనక పిల్లలు మర్నాడు వచ్చి, చేతికందినదాన్ని అందిన బల్ల మీద పెట్టి, వైర్లు తగిలించి పోయారు. అన్నీ నల్లవే, అన్నింటికీ కుంకుమే.

ఇప్పుడు క్లాసు మొదలుకాగానే కిటికీ పక్క నుంచి నవ్యశ్రీ లేచింది. జైనూర్ దగ్గరి గూడెం నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్ల.

"సార్, నా దాంట్ల పాత విండోసే వస్తుంది."

"ఒకటి ఎక్కియ్యకుంట మర్చిపోయినట్టున్నం. తర్వాత చూస్త తియ్యమ్మా" అని దేవదాస్ బోర్డు వైపు తిరిగాడు. బుర్ర పెట్టాల్సిన చోటు అదే. పెట్టలేదు.

అప్పుడే సంతోష్‌రావు వచ్చాడు. క్లాసు నడుస్తోందన్న ఖాతరు లేకుండా నేరుగా మూలబల్ల దగ్గరికి పోయి కూర్చున్నాడు. సెలవులన్నాళ్లూ ఆ గొంతు విననివాడు, ఆత్రంగా స్విచ్ వేశాడు. తెర మీద కొత్త రంగు వచ్చింది. దాని మీద ఒక్క ఫోల్డర్ కూడా లేదు.

"దేవదాస్."

పిలుపు మెల్లగానే ఉంది. దేవదాస్ వెళ్లి చూసి కొయ్యబారిపోయాడు. ముట్టుకోవద్దన్న కాగితం బల్లకు అలాగే ఉంది, తెర మీద లినక్స్ ఉంది. పిల్లలెవరో తనకు తెలియకుండా తుడిచేశారనే అతనూ అనుకున్నాడు.

"ఏదిరా నా రచన?"

"సార్, జర నన్ను చూడనియ్యుండ్రి..."

మొదటి దెబ్బ నోటి మీద పడింది. పిడికిలి. పెదవి చిట్లి, కింది పన్ను ఒకటి నాలుక మీదికి ఊడివచ్చింది. దేవదాస్ తేరుకోక ముందే సంతోష్‌రావు మెడ పట్టి అతని తలను బల్లకేసి కొట్టాడు. ఒకసారి కొట్టి ఊరుకోలేదు. మగపిల్లలు ఇద్దరు వెనక నుంచి పట్టుకోబోతే మోచేత్తో ఒకడి ముక్కు పగలగొట్టాడు. ఆడపిల్లలు కేకలు పెడుతూ గుమ్మం వైపు పరిగెత్తారు.

"ముట్టొద్దని చెప్పిన్నా లేదా? ఆఖరుకు గదొక్కటే ఉండె గదరా నాకు!"

ఇనుప స్టూలు ఎత్తాడు. మూలబల్ల మీద తెర పగిలింది, ఆ పక్కది పగిలింది. సీపీయూలను తన్ని కింద పడేశాడు, పడ్డదాన్ని మళ్లీ స్టూలుతో పొడిచాడు. గాజుముక్కలు లేచి అతని చెంపకే గుచ్చుకున్నాయి, అతనికి తెలియలేదు. దేవదాస్ అడ్డంగా చేయి పెట్టాడు. స్టూలు కాలు మణికట్టు మీద పడి ఎముక పటుక్కుమంది. కళ్లు బైర్లు కమ్మి కూలబడ్డాడు. ఏడాది పోరాటం కళ్ల ముందే తునకలవుతుంటే నొప్పి కన్నా కడుపుమంటే ఎక్కువైంది. లేచి వీడి గొంతు పిసికేద్దామని నిజంగానే అనిపించింది.

నేల మీద, అతని ముఖం పక్కనే, ఒక సీపీయూ దొర్లింది. దాని మీద కుంకుమ చెమ్మకు కారిపోయి ఉంది. ఆ కుంకుమను చూస్తుంటే పూజ గుర్తుకొచ్చింది. వరండా గుర్తుకొచ్చింది. వీటిని లోపల పెట్టేటప్పుడు తను ఇక్కడ లేడు. పాత విండోస్ వస్తోందని నవ్యశ్రీ అన్న మాట అప్పుడు బుర్రకెక్కింది.

"సార్! ఆగుండ్రి! మీది పోలే! గీడనే ఉన్నది, బల్ల మారిందంతే!"

"ఇంకా అబద్ధాలాడుతున్నవారా!" సంతోష్‌రావు ఒక్కో బల్ల పగలగొట్టుకుంటూ కిటికీ వైపే వస్తున్నాడు.

నవ్యశ్రీ బయటికి పోలేదు. తన బల్ల దగ్గరే గోడకు ఆనుకుని వణుకుతోంది.

"నవ్యా, గా తెర మీద రచన అని ఫోల్డర్ ఉంటది! తెరువు! ఒక్కటి నొక్కు బిడ్డా!"

పిల్ల మౌసు పట్టుకుంది. నొక్కింది. దేవదాస్ విరిగిన చేతిని పొట్టకు అదుముకుని ఆ బల్ల దాకా పాకి లేచాడు. సంతోష్‌రావుకు వాళ్లిద్దరే కనిపించారు. స్టూలు గాలిలోకి లేపి విసిరాడు.

దేవదాస్‌కు ఒక్క చేయే ఉంది. ఆ చేత్తో సీపీయూనన్నా తన వైపు లాగాలి, పిల్లనన్నా లాగాలి. పిల్లను లాగాడు.

"ఏమండీ, గిటు చూడుండ్రి" అంది స్పీకర్లోంచి రచన గొంతు, నవ్వుతూ.

అప్పటికే స్టూలు సంతోష్‌రావు చేయి దాటిపోయింది. పక్కరేకు లేని డబ్బాలోకి దాని కాలు నేరుగా దూరి, హార్డ్‌డిస్కును చీల్చుకుంటూ వెళ్లింది. మాట మధ్యలో ఆగింది. తెర నల్లబడింది.

సంతోష్‌రావు తన రెండు చేతులకేసి చూసుకున్నాడు. మోకాళ్ల మీద పడి, గాజు మీదుగానే పాకుతూ వచ్చి, స్టూలును పీకి అవతల పారేశాడు. వంకరపోయిన డిస్కును బయటికి తీశాడు. లోపలి పళ్లెం రెండుగా మడతపడి ఉంది. దాన్ని రెండు చేతులతో దేవదాస్ ముందు పెట్టాడు.

"నీకొస్తది గదా దేవదాస్. తియ్యే. నీ కాల్మొక్త, జర తియ్యే."

దేవదాస్ నోట్లోని నెత్తురు పక్కకు ఉమ్మాడు. పన్ను పోయింది, చేయి పోయింది, ల్యాబు పోయింది. ఈ మనిషి గుండెలో పొడవడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నిజం కూడా. చెప్పాక హాయిగా ఉంటుందనుకున్నాడు.

"రాదు సార్" అన్నాడు. హాయి ఏమీ కలగలేదు. ఏడుపొచ్చింది.

కేకలు విని బాలకిషన్‌రావు ఆఫీసులోంచి ఉరికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి పగిలిన తెరలను, పడి ఉన్న డబ్బాలను కలియజూశాడు.

"ఎన్ని పోయినయ్ రా?"

సంతోష్‌రావు డిస్కును పొట్టకు హత్తుకుని నేల మీదే కూర్చున్నాడు. తల ఎత్తలేదు.

"ఒక్కటే బాపు" అన్నాడు.