పక్కింటి ఏసీలోంచి వసుంధర గారు

సోమవారం నుంచీ పక్కింటి ఏసీ బయటిపెట్టె వసుంధర గారి గొంతుతో మోగుతోంది. అంతకు ముందు మామూలుగానే మోగేది, వదులైన రేకు అదిరినట్టు.

నేను బ్లౌజులు కుడతాను. వెలుతురు కోసం మిషను బాల్కనీ తలుపు దగ్గర వేసుకున్నాను. ఆ పెట్టె మా పిట్టగోడకి మూరెడు దూరంలో ఉంటుంది. పొద్దున్న పదింటి నుంచి వేడిగాలి నా మీదికే వదులుతుంది. ఇప్పుడు ఆ గాలిలో మాటలు కూడా వస్తున్నాయి. మోకాలు లాగుతోందట. చింతపండు అయిపోయిందట. ముప్పై ఏళ్ల కిందట ఏదో ఊరి బస్టాండులో భర్త తనని బెంచీ మీద కూర్చోబెట్టి, చెప్పకుండా వెళ్లిపోయాడట. ఆ సంగతి గంటకోసారి వస్తుంది. వింటూ కుట్టిన నాలుగు బ్లౌజులకీ రెండు చేతులూ ఒకే పక్కన పడ్డాయి. అవి పెళ్లివాళ్ల బ్లౌజులు, పెళ్లి ఎల్లుండే.

వెళ్లి వాళ్ల తలుపు కొడతాను. ఆవిడ భర్త భీమశంకరం గారు తీస్తారు. సర్వేయరుగా చేసి రిటైరైన మనిషి, మెత్తగా మాట్లాడతారు. గది మంచులా ఉంది. వసుంధర గారు మంచం మీద శాలువా కప్పుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. నన్ను చూసి నోరు కదుపుతారు. చప్పుడు రాదు.

"వేడినంతా తీసి బయట పారేస్తుందమ్మా అది," అంటారాయన. "ఆవిడ మాటలు మొదటి నుంచీ వేడే. నావి చల్లటివి, ఉండిపోయాయి."

కాసేపు ఆపమని అడుగుతాను.

"ఆపితే ముప్పై ఏళ్ల మాటలూ వెనక్కి వస్తాయి. గది చూస్తే పదడుగులకి పన్నెండు."

కొలత సరిగ్గానే ఉంది. పెట్టెలోంచి విన్న బస్టాండు సంగతి మాత్రం చెబుతాను. ఆయన ఆ రోజు నీళ్ల కోసం వెళ్లారట. వచ్చేసరికి ఆవిడ బస్సెక్కేసిందట. ఇన్నేళ్లూ ఆవిడ అడగలేదనీ, తను చెప్పలేదనీ అంటారు. ఆ మాట ఆవిడకి చెప్పమంటారు.

వసుంధర గారి వైపు తిరిగి చెబుతాను. నా పెదవులు కదులుతాయి. గొంతు రాదు.

"మీవీ వేడి మాటలేనన్నమాట," అంటారాయన.

గొంతు కోసం ఇంటికి పరిగెత్తుతాను. అది మా బాల్కనీలోనే ఉంది. పెట్టెలోంచి వసుంధర గారితో మాట్లాడుతోంది. నీళ్ల సంగతి చెప్పడం లేదు. మా ఆయన ఇల్లు విడిచి తొమ్మిదేళ్లయిందని చెబుతోంది. అదెలా? పొద్దున్నే కదా ఉప్మా తిని ఆఫీసుకి వెళ్లాడు. వంటింట్లోకి వెళ్లి చూస్తాను. సింకులో పళ్లెం ఉంది. పళ్లెం మీద దుమ్ము ఉంది. వేలితో రాసి చూస్తే దుమ్మే.

తిరిగి బాల్కనీకి వచ్చేసరికి భీమశంకరం గారు నా వెనకే లోపలికి వచ్చి ఉన్నారు. రెండు చేతులూ దోసిలి పట్టుకుని నడుస్తున్నారు. దోసిట్లో నీళ్లు. నా స్టూలు కాలితో జరుపుకుని పెట్టెకి ఎదురుగా కూర్చుంటారు. వేడిగాలికి ఆయన జుట్టు లేస్తుంది. నీళ్లు మాత్రం కదలవు.

"దాహం అన్నావని వెళ్లాను," అంటారు.

పెట్టె లోపల రెండు గొంతులూ ఒక్కసారే ఆగిపోతాయి. ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటీ కనిపించేంత నెమ్మదిస్తాయి. ఆయన దోసిలి జాలీకి ఆనిస్తారు. లోపల గుటక వేసిన చప్పుడు. మళ్లీ ఇంకోటి. నీళ్లు తగ్గుతున్నాయి.

పెట్టె పూర్తిగా ఆగిపోయింది. వీధి అంతా వినపడుతోంది.

నా గొంతు ఎక్కడుందని ఆయన్ని అడుగుదామని నోరు తెరుస్తాను. మాటకి బదులు నోట్లోంచి వేడిగాలి వస్తుంది. ఆపుదామంటే ఆగదు. ఆ గాలికి ఎదురు డాబా మీద తడి చీరలు బారుగా లేచి, నా వైపు కాకుండా అటు తిరిగి, ఆరడం మొదలుపెడతాయి.