సరస్వతమ్మ చెవికి దొరికిన సెల్లు

2002లో గుడియాత్తం వేణుగోపాల్ మేస్త్రికి వేలూరు ఆసుపత్రిలో ఎడమ భుజం కింద పేస్‌మేకర్ పెట్టారు. కోలుకుని పనిలోకి వచ్చినాక, ఇల్లు కట్టించుకుంటున్న జయకుమార్ ఆయన చేతికో సెల్‌ఫోన్ ఇచ్చాడు.

వాడొచ్చా అని వేలూరు పోయి అడిగితే, "వాడుకోండి," అన్నాడు డాక్టరు. "కుడి చెవికి పెట్టుకుని మాట్లాడండి. చొక్కా జేబులో మాత్రం వద్దు. గుండె మిషనుకు జానెడు దూరం ఉండాల."

భార్య సరస్వతమ్మ సరిగ్గా వినపడక చెవికి మిషను పెట్టుకుంటుంది. అందుకని ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది.

వారం పాటు మేస్త్రి సెల్లును సంచిలో వేసి పరంజా కొయ్యకు తగిలించాడు. కాంక్రీటు రొదలో అది మోగినా వినపడలేదు. సిమెంటు లారీవాడు దారి తెలియక మూడుసార్లు ఫోన్ చేసి వెనక్కి పోయాడు. పంచెకేమో జేబుండదు. మర్నాటి నుంచి సెల్లు చొక్కా ఎడమ జేబులోకి చేరింది. సరస్వతమ్మ అన్నం తెచ్చే వేళకు మాత్రం దాని మీద తువ్వాలు కప్పేవాడు.

ఒకనాడు ఆమె వంగి రసం పోస్తుంటే చెవి మిషను గుర్రుమంది. ఇంట్లో సెల్లు మోగబోయే ముందు అట్లాగే గుర్రుమనేది.

"సెల్లు యాడ ఉండాది?"

"సంచిలో."

సంచి పదడుగుల దూరంలో వేలాడుతోంది. ఆమె గరిటె కింద పెట్టి, మొగుడి ఎదకు చెవి ఆనించింది. కూలీలు మర్యాదగా గోడవైపు తిరిగారు. వాళ్ళల్లో తంగరాజ్ ఆ గోడకు నీళ్ళు కూడా కొట్టాడు.

మేస్త్రి ఎద మోగింది.

"ఊరికే ఉండుమే, అందరూ చూస్తాండారు."

"చూడనీ. గుండె మిషను ఆగి పైనుంచి పడితే నేనేం కావాలయ్యా?" అంది ఆమె.

మేస్త్రి ముద్ద కింద పెట్టాడు. "రెండు దినాలుగా కండ్లు తిరగతాండాయి," అన్నాడు మెల్లగా.

ఆమె అప్పటికప్పుడు ఆయన్ని వేలూరు బస్సెక్కించింది. డాక్టరు పరీక్ష చేసి, పేస్‌మేకర్ సరిగ్గానే ఉందన్నాడు. కండ్లు తిరిగింది ఎండకట. జేబు సంగతి విని మాత్రం మేస్త్రిని బాగా తిట్టాడు.

బస్టాండులో సరస్వతమ్మ సెల్లు కోసం నడుముకు కట్టుకునే తోలు సంచి కొనింది. తిరుగుబస్సులో మేస్త్రి తన తప్పేమీ లేదని మొదలుపెట్టాడు. ఆమె చెవి మిషను తీసి కొంగున ముడేసుకుని, గుడియాత్తం దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.