సగం కట్టిన కుచ్చు

"చివర్న ఈ కుచ్చులున్నాయి చూశారా, ఇవి మా ఆడవాళ్ళు ఖాళీగా ఉన్నప్పుడు కట్టేస్తుంటారు."

మేం నేసే శాలువాలు, రెబోసోలు కొనడానికి మా ఇంటికి ఎవరొచ్చినా మా ఆయన ఫిదెన్సియో చెప్పే ఉపన్యాసం ఈ మాటతోనే ముగుస్తుంది. అంతకు ముందు చాలా చెబుతాడు. పడుగు నూలుకు మొక్కజొన్న గంజి ఎలా పెట్టాలో, ఎక్కడెక్కడ ముడులు బిగించి రంగులో ముంచితే మగ్గం మీద తెల్లచుక్కలు తేలతాయో, వాళ్ళ తాత నలుపు కోసం ఏయే ఆకులు కాచేవాడో, మగ్గం తొక్కి చూపిస్తూ మరీ చెబుతాడు. బాగా చెబుతాడు, అబద్ధమెందుకు. రాజధాని నుంచి వచ్చినవాళ్ళు, పై దేశాలనుంచి వచ్చినవాళ్ళు నోళ్ళు తెరుచుకుని వింటారు, ఫొటోలు తీసుకుంటారు. కుచ్చుల దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతు అలిసిపోతుందో, వాళ్ళకు ఆకలేస్తుందో, ఆ పనంతా ఒక్క వాక్యంలో తేలిపోతుంది. ఆ వాక్యం వినపడే వేళకు నేను పెనం మీద మొక్కజొన్న రొట్టెలు, తొర్తియ్యాలు తిప్పుతూనో, వాళ్ళ కోసం కాఫీలో దాల్చినచెక్క వేస్తూనో ఉంటాను.

ఖాళీగా ఉన్నప్పుడట. తెల్లారగానే మొక్కజొన్నలు మరకు పట్టుకెళ్ళి పిండి ఆడించుకొస్తాను. చిక్కుళ్ళు పొయ్యి మీద పడేసి, అత్తయ్య ఎపిఫానియాకు కళ్ళలో చుక్కలు వేసి, కోళ్ళను వదిలి, బట్టలుతికి, మధ్యలో మా ఆయన "కండెలయిపోయాయే" అని కేకేస్తే వెళ్ళి నూలు చుట్టిస్తాను. అదంతా అయ్యాక మిగిలిన వెలుతురులో గడప మీద కూర్చుని రెబోసోను ఒళ్ళో వేసుకుంటాను. మగ్గం దిగిన గుడ్డకు రెండు కొసల్లోనూ దారాలు విడివిడిగా వేలాడుతుంటాయి. ఆ దారాలను గోటితో పట్టి, నాలుగేసి పోగులు కలిపి, ముడి పక్కన ముడి వేసుకుంటూ పోతే పువ్వో, పిట్టో, చెట్టో తేలుతుంది. ఆయన వారాల్లో నేసిన దానికి నాకు నెలలు పడుతుంది. బయట ఎవరిచేతనైనా కట్టిస్తే కూలివ్వాలి. ఒకసారి నవ్వుతూనే అడిగాను, నా కూలేదీ అని. "ఇంటి మనిషికి కూలేమిటే, నీ మెతుకులు నువ్వు లెక్కపెట్టుకుంటావా?" అన్నాడు, ఆయన కూడా నవ్వుతూనే. మెడ పట్టేసి తల తిప్పలేకపోయిన రోజున అత్తయ్య అంది కదా, "కూర్చుని చేసే పనికి కూడా మూలుగులేనా, ఎదెల్మీరా? మగ్గం తొక్కమంటే ఏమైపోదువో!"

నేనేమీ అనలేదు. నోట్లో నాలుక లేనిదాన్నని కాదు, నోట్లో దారం ఉండింది అప్పుడు.

మా తెనాన్సింగోలో రెబోసో అంటే ఆడదానికి ఒంటి మీద గుడ్డ ఒక్కటే కాదు. పెళ్ళిలో తల మీద అదే, పిల్లను వీపుకు కట్టుకునేదీ అదే, పోయాక మీద కప్పేదీ అదే. ఆదివారం సంతలో వరసగా దండేల మీద వేలాడదీస్తే ఊరికి పండగొచ్చినట్టుంటుంది. కానీ ఆ సంతలో నిలబడి అమ్మేవాళ్ళ పెళ్ళాలను చూడండి. నాతో సహా అందరం తొలూకా పట్నం నుంచి వచ్చే మిల్లు స్వెట్టర్లలోనే ఉంటాం. ఉతికితే ముద్దలు కట్టే రకం. చేసిన ప్రతి మంచి రెబోసో అమ్ముడుపోవాలి మరి. నా పెళ్ళికి నేను కప్పుకున్నది మా పిన్ని దగ్గర ఎరువు తెచ్చుకున్నది, మర్నాడే మడతపెట్టి ఇచ్చేశాం.

ఆ తర్వాత ఫిదెన్సియో నాకోసం నేస్తానన్న రెబోసోలు చాలానే ఉన్నాయి. ఒక నీలంది పెద్దపిల్ల పుట్టినప్పుడు. దాన్ని సంతలో ఎవరో యాత్రికురాలు ముచ్చటపడి పట్టుకుని వదల్లేదు. ఇంకోటి మెరూన్ రంగుది, అది ఎలా పోయిందో కూడా నాకు తెలీదు, పెట్టె తీస్తే లేదంతే. ప్రతిసారీ ఒకటే మాట, "ఇంకోటి నేస్తాలేవే, మగ్గం మనింట్లోనే ఉందిగా." అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేనేమో అడిగీ, ఒప్పించీ, కుచ్చు కట్టీ కూడా అమ్ముకోనిచ్చాను.

ఈసారిది చింతపిక్క రంగు. మా పెళ్ళి పాతికేళ్ళ పూజకు గుడిలో నేను కప్పుకోవాలని ఆయనే రంగు కాచాడు. ఆ రంగు కోసం ఎన్ని తడవలు ముంచి ఆరేశాడో నేను చూశాను, నిజంగానే ప్రేమగా నేశాడు. అందుకే కుచ్చులో నేనూ నాకిష్టమైనదే పెట్టుకున్నాను. ఎవరో అడిగిన నెమలీ కాదు, హంసా కాదు. మా పుట్టింటి దడి మీద పాకే తీగ, దాని సన్నపాటి కాయలు. వానలు పడినన్నాళ్ళూ ఒక కొస కట్టాను. రెండో కొస అలాగే దారాలుగా ఉంది.

అది నా ఒళ్ళో ఉండగానే కొయోకాన్ పేటలో దుకాణం నడిపే ఒకావిడ వచ్చింది. రాజధానిలో యాత్రికులంతా చేతిపని సరుకు కొనేది ఆమె దగ్గరేనట. మంచిదే, మర్యాదస్తురాలు. మా ఆయన ఉపన్యాసమంతా విని, దండెం మీదివన్నీ చూసి, చివరికి నా దగ్గరకొచ్చి వంగింది.

"ఇది! నాకు ఇదే కావాలి. ఎంత ఓపికండీ మీ ఆయనకి!"

నేను ఫిదెన్సియో వంక చూశాను. ఆయన నా వంక చూడలేదు.

"వచ్చే ఆదివారం సంతకు రండమ్మా, పూర్తి చేసి పెడతాను" అన్నాడు.

చేసి పెడతాడట, అదీ వారంలో! నాకు వానాకాలమంతా పట్టిన పని. ఆయన వేళ్ళకు ఒక్క ముడైనా వేయడం వచ్చా? ఒళ్ళు మండింది. అయినా లేచి ఆవిడకు కాఫీ ఇచ్చాను. కప్పు అందుకుంటూ ఆవిడ "థాంక్సమ్మా" అంది, పనిమనిషితో అన్నట్టు కాదు గానీ, ఇంటి ఆవిడతో అన్నట్టూ కాదు.

సాయంత్రం భోజనాల దగ్గర అన్నాను, "అది నాదన్నావు."

"నీదేనే. కాదన్నదెవరు? ఆవిడ చూడు, ఒకటి నచ్చితే ఏడాదంతా మన దగ్గరే కొంటుంది. ఇంకోటి నేస్తాలే."

"పూజకు?"

"పూజకు దేవుడు నీ గుడ్డ చూస్తాడా, మనసు చూస్తాడా?"

"దేవుడి సంగతి కాదు నేనడిగేది" అన్నాను.

అత్తయ్య తొర్తియ్యా తుంచుతూ, "పెళ్ళయి పాతికేళ్ళయ్యాక కూడా ఈ సోకులేమిటే" అంది. ఆయన నవ్వాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాడు, ఎప్పుడూ అక్కడితోనే అయిపోయేది కాబట్టి.

మర్నాడు రెబోసోను చక్కగా మడిచి మగ్గం మీద పెట్టాను. పిండి ఆడించాను, చిక్కుళ్ళు వండాను, చుక్కలు వేశాను, కండెలు చుట్టాను. ఏ పనీ మానలేదు. ఆ మర్నాడూ అంతే. మూడో రోజుకు ఆయనకు అనుమానమొచ్చింది.

"కుచ్చు ముట్టుకోలేదేం?"

"నాకు ఖాళీ లేదు" అన్నాను.

చెడ్డగా అనలేదు. వాన వస్తోందన్నట్టు అన్నాను. ఆయన రెబోసోను చంకలో పెట్టుకుని విసురుగా బయటికి నడిచాడు. ఊళ్ళో కుచ్చులు కట్టే ఆడవాళ్ళకు కొదవేమీ లేదు కదా.

తర్వాత జరిగింది నాకు ఒబ్దూలియా చెప్పింది. ఒబ్దూలియా మా పెద్దపిల్లకు బాప్తిస్మంలో జ్ఞానతల్లిగా నిలబడింది, అంచేత నాకు వదిన వరస. వేళ్ళలో చురుకుంది, నాలుకలో అంతకన్నా ఉంది. ఫిదెన్సియో నేరుగా ఆమె దగ్గరికే వెళ్ళి, రెండో కొస కట్టిపెట్టమన్నాడట. ఆమె రెబోసో విప్పి, నేను కట్టిన కొస చూసి, చేతులు గుండె మీద పెట్టుకుందట.

"అయ్యో అన్నయ్యా! ఎదెల్మీరా ఎప్పుడు పోయింది? మాకు కబురైనా పంపలేదేం?"

మా ఊళ్ళో ఒక పద్ధతుంది. ఒకరు మొదలుపెట్టిన కుచ్చును ఇంకొకరు ముట్టుకోరు. చేతికీ చేతికీ బిగువు తేడా, రెండు కొసలూ ఒక్కలా వేలాడవు. మొదలుపెట్టిన మనిషి చచ్చిపోతే మాత్రం ఎవరో ఒకరు మిగిలింది కట్టి, దాన్నే ఆమె మీద కప్పుతారు. మగ్గం గదిలో పుట్టి పెరిగిన ఫిదెన్సియోకు ఈ సంగతి తెలీదా అంటే, తెలుసు. కానీ ఆడవాళ్ళ పద్ధతి కదా, ఎవరూ పట్టించుకోరులే అనుకున్నాడు.

"పోవడమేంటమ్మా, ఇంట్లో బట్టలుతుకుతోంది" అన్నాడట.

"బతికే ఉందా? మరయితే ఆమెనే కట్టమనండి."

అక్కడినుంచి ఇంకో ఇంటికి, అక్కడినుంచి ఇంకోదానికి తిరిగాడు. ఒక్కరూ పట్టుకోలేదు. ఆయన తిరుగుతున్నంతసేపూ కబురు ఆయనకంటే ముందు నడిచింది. నడిచేకొద్దీ పెరిగింది. మధ్యాహ్నానికి మా వాకిట్లో తలుపు చప్పుడయితే, సబ్బు చేతులతో వెళ్ళి తీశాను. పై వీధి ముసలావిడ దోన్యా త్రాంకిలీనా, ఒక చేతిలో కొవ్వొత్తుల కట్ట, ఇంకో చేతిలో పంచదార పొట్లం. చావింటికి తెచ్చేవి.

నన్ను చూసి ఆవిడ కళ్ళు చిట్లించింది.

"నువ్వేనా?"

"నేనేనమ్మా."

"మరి మీ ఆయన నీ సగం కుచ్చు పట్టుకుని ఊరంతా తిరుగుతున్నాడని..."

"బతికే ఉన్నాను, లోపలికి రండి. కాఫీ తాగుదురుగాని."

ఆవిడ కుర్చీలో కూలబడి ఆయాసం తీర్చుకుంది. "ఎంత భయపెట్టారే! దారంతా నిన్నే తలుచుకుంటూ వచ్చాను. ఎంత పనిమంతురాలే, పాపం, ఒక్కనాడు చేతులు ముడుచుకుని కూర్చోగా చూడలేదు అనుకున్నాను."

"ఇంకేమనుకున్నారు?"

"ఇంకేముంటుందే?" అంది ఆవిడ, నిజంగానే ఆలోచించి.

నాకు నవ్వొచ్చింది, కాఫీ కలుపుతూ నవ్వాను. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను. చచ్చాక మన గురించి ఏమనుకుంటారో వినే భాగ్యం ఎందరికి దక్కుతుంది? నాకు దక్కింది. ఒక్క వాక్యం. కుచ్చుల గురించి ఫిదెన్సియో చెప్పేదానికంటే పొడుగేమీ కాదు. ఎదెల్మీరాకు ఏ రంగు ఇష్టమో, ఆమె పాడేదో లేదో, ఎవరి మీద కోపముండేదో ఆ వాక్యంలో లేవు. తప్పు ఆవిడది కాదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. నా ఇష్టమంటూ బయటికి కనపడేలా పెట్టుకున్నది ఆ తీగ ఒక్కటే, అదేమో ఆ వేళ మా ఆయన చంకలో ఊరు తిరుగుతోంది.

ఫిదెన్సియో తేలు కుట్టిన దొంగలా ఇంటికొచ్చాడు. బల్ల మీది కొవ్వొత్తులను పక్కకు జరిపాడు. ఆఖరి ఆశగా వాళ్ళమ్మ ముందు రెబోసో పరిచాడు. "అమ్మా, నీకు వచ్చు కదే. కాస్త కట్టిపెట్టవే."

అత్తయ్య ఆ కొసను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. చూపు ఆనలేదు. వేళ్ళతో తడిమింది, ఒక్కొక్క ముడినీ. చాలాసేపు తడిమింది.

"మీ నాన్న ఉన్నన్నాళ్ళూ కట్టానురా. ఒక్కటీ నా భుజం మీదికి రాలేదు. కళ్ళు మాత్రం పోయాయి" అంది. తర్వాత నేనున్న వైపు తల తిప్పింది. "ఇదేం కాయే, ఇంత సన్నగా కట్టావు?"

"మా పుట్టింటి దడి మీది కాయ, అత్తయ్యా."

"బావుంది" అంది. ఆ ఇంట్లో నా పనికి ఆ మాట వినడం అదే మొదలు. నాకు ఆవిడ మీదున్న పాత కోపమంతా పోయిందని చెప్పను గానీ, కొంచెం పక్కకు జరిగింది.

ఆదివారం పొద్దున నేను స్వెట్టరు వేసుకోలేదు. రెబోసో కప్పుకున్నాను. ఒక కొసన తీగ, ఇంకో కొసన చిందరవందరగా దారాలు. కుచ్చు కట్టని రెబోసోతో నేతగాడి పెళ్ళాం సంతలోకి నడవడమంటే, జుట్టు విరబోసుకుని పెళ్ళికి వెళ్ళడమే. ఫిదెన్సియో గుమ్మంలో చూసి, "అలాగే వస్తావా?" అన్నాడు. "అలాగే వస్తాను" అన్నాను. ఆయన సరుకు మూట భుజాన వేసుకుని నాలుగడుగులు ముందు నడిచాడు. వీధి చివరికొచ్చేసరికి ఎందుకో నా పక్కకొచ్చేశాడు.

సంతలో అందరూ చూశారు. ఒబిస్పో, అంటే మసాలా మాంసం కూరిన పంది పేగు, అమ్మే ఆవిడ కోస్తున్న కత్తి ఆపి మరీ చూసింది. ఒబ్దూలియా దూరం నుంచి చెయ్యూపింది. మా దండెం కింద ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, దారాలు ఒళ్ళోకి లాక్కుని, రెండో కొస మొదలుపెట్టాను. భుజం మీంచి దించకుండానే. నా గుడ్డకు నేను కట్టుకుంటుంటే ముడి ఎంత తేలిగ్గా పడుతుందో ఆ రోజే తెలిసింది.

ఎండ సంత మండపం స్తంభాల మీదికి వచ్చాక కొయోకాన్ దుకాణం ఆవిడ వచ్చింది. వెంట ఇద్దరు యాత్రికులు కూడా ఉన్నారు. దండెమంతా చూసింది. తర్వాత నన్ను చూసింది.

"అదే కదండీ నాది? ఇంకా అవలేదా?"

ఫిదెన్సియో నోరు తెరిచాడు. వెల చెప్పడానికీ, గడువు చెప్పడానికీ, ఆయన ఏనాడూ మాట వెతుక్కోలేదు.  ఈసారి ఆవిడ వంక చూసి, దండెం వంక చూసి, చివరికి నా వైపు తిరిగాడు. ఏ బేరంలోనూ ఆయన నా వైపు తిరగడం నేనెరగను. వంగి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"ఏం చెప్పనే?"

నేను రెబోసోను మెడ దాకా దగ్గరికి లాక్కున్నాను.

"నాకు చలేస్తోందని చెప్పు."